రాతితోటలో విష్ణుక్రాంత



నీటిని ఎక్కువగా కోరని మన నేల పూలమొక్కలను రాతితోటలో పెంచే విధానం గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను ఆదేశించారు. అటువంటి మొక్కలు మన గుట్టల మీద పదుల సంఖ్యలో ఉన్నాయి. అన్నింటి పేర్లూ వల్లించి దేనినీ పూర్తిగా చెప్పకపోవడం కన్నా, ఒక్క మొక్కను తీసుకొని విత్తనం మొదలు మళ్లీ విత్తనం దాకా చెప్పడం శ్రోతలకు ఉపయోగమని తలచాను. ఆ మొక్క విష్ణుక్రాంత.

ఈ పేరు వినని ఇల్లు మనలో అరుదు. వినాయక చవితినాడు చేసే ఏకవింశతి పత్రపూజలో ఇరవై ఒక్క పత్రులలో ఇదొకటి. తెలుగులో విష్ణుక్రాంత, కన్నడంలో విష్ణుక్రాంతి, తమిళంలో విష్ణుకిరాంతి. కేరళ దేశంలో దశపుష్పాలని పూజించే పదింటిలోనూ దీనికి చోటుంది. విష్ణువు అడుగు మోపినది అని పేరుకు అర్థం. నేలను అంటిపెట్టుకొని, పాదం కింద పడేటంత పొట్టిగా పాకే మొక్కకు ఇంతకన్నా తగిన పేరు దొరకదు. అనువాదం అవసరం లేకుండానే ఇన్ని భాషల వారికీ అర్థమయ్యే పేరు కావడం మన ఊరి వంటి ఊరికి ఒక సౌకర్యం కూడా.

పేరు తెలిసిన వారందరూ మొక్కను గుర్తుపట్టగలరని మాత్రం చెప్పలేము. అందుచేత ముందుగా ఆనవాళ్లు చెబుతాను. నేలలో గట్టి, కొయ్యబారిన చిన్న వేరుదుంప ఉంటుంది. అందులోంచి దారాల వంటి సన్నని కాడలు నలుదిక్కులా జానెడు నుంచి మూరెడు పొడవున పాకుతాయి. కాడలకూ ఆకులకూ పట్టువంటి తెల్లని నూగు ఉంటుంది. ఆకులు చిన్నవి, కోలగా ఉంటాయి. ఆకు మొదట్లోంచి వెంట్రుకంత సన్నని తొడిమ లేచి, దాని కొసన ఆకాశనీలం రంగులో గుండ్రని పువ్వు పూస్తుంది. పువ్వు వెడల్పు సుమారు 5 నుంచి 10 మిల్లీమీటర్లు. ఉదయం విచ్చుకొని, ఎండ ముదిరేసరికి ముడుచుకుంటుంది. ఒక పువ్వు ఆయుష్షు ఒక పూట. మరునాడు విచ్చేది వేరొక పువ్వు.

శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లో ఈ మొక్కను తీగజాతి మొక్కలతో కలిపి కన్వాల్వులస్ అనే ప్రజాతిలో పెట్టాడు. 1762లో దానిని విడదీసి ఎవాల్వులస్ ఆల్సినాయిడిస్ అని పేరు మార్చాడు. కన్వాల్వులస్ అంటే చుట్టుకొనేది, ఎవాల్వులస్ అంటే చుట్టు విప్పుకొన్నది అని లాటిన్ భావం. బంధువులైన తీగలవలె ఇది దేనికీ చుట్టుకోదు, పందిరి కోరదు. ఈ లక్షణమే రాతితోటకు దీనిని తగినదిగా చేసింది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. నర్సరీలలో విష్ణుక్రాంత అని చెప్పి అమ్మే కుండీమొక్కలలో చాలా భాగం వేరే జాతివి. బ్లూ డేజ్ అని వ్యాపారులు పిలిచే ఆ మొక్క బ్రెజిల్ దేశపుది. దానికీ దీనికీ ప్రజాతి ఒకటే, జాతి వేరు. దాని పువ్వు మన పువ్వుకు రెండింతలు పెద్దది, ఆకు దళసరి, మొక్క గుబురుగా లేస్తుంది, పూలు తొడిమలు లేనట్టుగా కొమ్మ చివర గుత్తుగా వస్తాయి. అది అందమైన మొక్కే, దానిని నిందించవలసిన పని లేదు. అయితే మన గుట్టపై పుట్టి, మన వానలకు అలవాటుపడిన మొక్క కావాలనుకొన్నప్పుడు, వెంట్రుక వంటి పొడవాటి తొడిమ ఉన్నదా లేదా అని చూడండి. ఆ ఒక్క ఆనవాలు చాలు.

మరొక గందరగోళం శంఖపుష్పి అనే పేరుతో వస్తుంది. వైద్యంలో ఆ పేరు ఒక్కొక్క ప్రాంతంలో ఒక్కొక్క మొక్కకు చెల్లుతున్నది. కొన్ని చోట్ల విష్ణుక్రాంతను, ఉత్తరాదిన ఎక్కువగా దాని దగ్గరి బంధువును, దక్షిణాన కొన్నిచోట్ల మన పెరటి శంఖుపూల తీగను అలా పిలుస్తారు. నేను నేడు పెంపకం గురించి మాత్రమే చెబుతున్నాను. పేరు విని ఆకు కోసి మందుగా వాడుకోవద్దని మనవి. అది వైద్యులను అడిగి చేయవలసిన పని.

ఇక రాతితోట మాట. రాక్ గార్డెన్ అనగానే చాలామందికి 1976లో ప్రజలకు తెరిచిన చండీగఢ్ తోట గుర్తుకు వస్తుంది. నేక్‌చంద్ పగిలిన గాజుల ముక్కలతో, పింగాణీ పెంకులతో కట్టిన ఆ తోట గొప్ప శిల్పశాల. మనం చెప్పుకొంటున్న రాతితోట వేరు. ఇక్కడ రాయి అలంకారానికి కాదు, మొక్కకు నీటిని సమకూర్చడానికి. బెంగళూరు లాల్‌బాగ్‌లో సుమారు 300 కోట్ల ఏళ్లనాటి బండ ఉంది. దానిని చూసినవారికి ఈ సంగతి సులువుగా బోధపడుతుంది. నున్నని బండ మీద ఏమీ మొలవదు. బండ వాలు ముగిసే అంచున, నెరియలలో, గుప్పెడు మట్టి చేరిన గుంటలలో మాత్రం వాన పడిన వారానికే పచ్చదనం కనిపిస్తుంది. మన బళ్లారి గుట్టల మీద కూడా జరిగేది ఇదే.

దీనికి కారణం లెక్కలో ఉంది. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. ఒక చదరపు మీటరు బండ, పావు చదరపు మీటరు మట్టిగుంట వైపు వాలి ఉన్నదనుకొందాం. 10 మిల్లీమీటర్ల వాన పడితే బండ మీది 10 లీటర్లు గుంటలోకి జారుతాయి. గుంటలో నేరుగా పడిన రెండున్నర లీటర్లు దానికి తోడు. బండ పీల్చుకొనే కొద్దిపాటి నీటిని లెక్కలోంచి వదిలివేస్తే, ఆ గుంటలోని మొక్కకు 50 మిల్లీమీటర్ల వాన పడినట్టే. సాలుకు సగటున 500 మిల్లీమీటర్ల పైచిలుకు మాత్రమే వాన చూసే మన ఊరిలో, చిన్న జల్లును పెద్ద వానగా మార్చే పరికరం రాయి. అదే రాయి కింద మట్టికి ఎండ తగలదు. తేమ త్వరగా ఆవిరికాదు. మొక్క వేళ్లు రాతి అడుగుకు చేరుకొని ఆ చల్లదనంలో వేసవి గడుపుతాయి.

ఈ లెక్కను మనసులో ఉంచుకొంటే రాతితోట నిర్మాణం తనంత తానే తెలిసిపోతుంది. చోటు ఎంపికలో మొదటిది ఎండ. రోజుకు ఆరు గంటలకు తక్కువ కాకుండా నేరుగా ఎండ పడాలి. తూర్పు ఎండ తగిలే చోటైతే పువ్వులు వేళకు విచ్చుకొంటాయి. చెట్టునీడ, గోడనీడ పనికిరావు. నీడలో కాడలు సాగి, పూత తగ్గిపోతుంది.

రెండవది నేల స్వభావం. మన ఊరి చుట్టూ చాలా భాగం నల్లరేగడి. అది వానకు ఉబ్బి నీటిని పట్టి ఉంచుతుంది, ఎండకు నెరియలు విచ్చుతుంది. పత్తికి, జొన్నకు మేలైన ఆ నేల విష్ణుక్రాంతకు మాత్రం చేటు. ఒక అడుగు లోతు గుంట తీసి నీరు నింపండి. అది ఇంకిన తరువాత మళ్లీ నింపండి. రెండో విడత నీరు గంటలో ఇంకిపోతే ఆ నేల చాలును. పూట గడిచినా నిలిచి ఉంటే దాని మీద దిబ్బ కట్టక తప్పదు. నల్లరేగడిలో గొయ్యి తవ్వి మంచి మట్టి నింపితే సరిపోతుందని కొందరు భావిస్తారు. ఆ గొయ్యి వానాకాలంలో తొట్టిగా మారి వేళ్లను కుళ్లబెడుతుంది. గొయ్యి తీయకుండా నేల మీదనే ఒకటిన్నర అడుగు ఎత్తున దిబ్బ కట్టాలి. అడుగున ఇటుకముక్కలు, పగిలిన రాళ్లు పరచాలి.

దిబ్బకు వాడవలసిన మట్టి పాళ్లు ఇవి. గుట్టల పాదాల దగ్గర దొరికే ఎర్రని గరుసు మన్ను రెండు పాళ్లు, ముతక ఇసుక ఒక పాలు, చిన్న కంకర ఒక పాలు. క్రషర్ ఇసుక వాడేటట్లయితే జల్లించి అందులోని మెత్తని పొడిని తీసివేయాలి, లేకుంటే అది నీటితో కలిసి గట్టిపడుతుంది. పేడ ఎరువు, వర్మి కంపోస్టు, యూరియా ఏవీ వద్దు. బాగా మాగిన ఆకు ఎరువు గంపెడు మట్టికి ఒక గుప్పెడు చాలు. బీద నేలలో పెరిగిన మొక్క ఎక్కువగా పూస్తుంది. బలమైన ఎరువు తిన్న మొక్క ఆకు పెంచుకొని పూత మరచిపోతుంది.

రాళ్ల అమరిక మూడవ సంగతి. ఊరి రాయినే వాడాలి. కొత్తగా గుట్ట పగలగొట్టించనక్కరలేదు, కూలిన పాతగోడల రాళ్లు, పునాదులు తవ్వినప్పుడు బయటపడిన రాళ్లు చాలును. ప్రతి రాయినీ మూడో వంతు మట్టిలో పాతాలి. పైన పెట్టి వదిలేసిన రాయి కదులుతుంది, దాని కింద తేమ నిలవదు. రాతి పై భాగం మొక్క ఉండే గుంట వైపు కొద్దిగా వాలేటట్టు పెట్టాలి. రాళ్ల మధ్య జానెడు లోతు తగ్గకుండా మట్టి ఉండాలి. రాళ్లను సిమెంటుతో అతికించవద్దు. సిమెంటు పూసిన సందులోకి వేరు పోదు, నీరు పోదు, తేనెటీగ గూడు కట్టదు. రాళ్లకు రంగులు పూయవద్దని కూడా చేతులెత్తి కోరుతున్నాను. నీలం మనకు పువ్వు ఇస్తుంది.

కట్టిన దిబ్బలో వెంటనే నాటకూడదు. రెండు వారాల పాటు తడిపి ఉంచితే మట్టితో వచ్చిన కలుపు విత్తనాలన్నీ మొలుస్తాయి. వాటిని పెరికివేసిన తరువాతనే మన పని మొదలవుతుంది. ముఖ్యంగా మనవైపు కాంగ్రెస్ గడ్డి అని పిలిచే వయ్యారిభామను పూతకు రాకముందే వేరుతో తీసివేయాలి. అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాలది ఈ కలుపు. 1950లలో పుణే ప్రాంతంలో మొదటగా గుర్తించబడి, దేశమంతా ఆక్రమించింది. దాని పుప్పొడి, ఆకురసం చాలామందికి చర్మపు దురదను, ఆయాసాన్ని కలిగిస్తాయి. కనుక చేతితొడుగులు, ముక్కుకు గుడ్డ లేకుండా ఆ పని ఎవరిచేతా చేయించవద్దు.

ఇప్పుడు విత్తనం. విష్ణుక్రాంతను గుట్ట మీద పెరికి తెచ్చి నాటినవారికి సాధారణంగా దక్కేది ఎండిన కట్టె. వేరుదుంప రాతిసందులో ఇరుక్కొని ఉంటుంది, పెరికినప్పుడు అది తెగుతుంది. గుట్టకు ఒక మొక్క తగ్గింది, మనకు ఒక్కటీ పెరగలేదు. విత్తనమే సరియైన మార్గం. వానాకాలంలో పూసిన పూలు కాయలై, కార్తికం నుంచి పుష్యం వరకు పండుతాయి. కాయ మిరియపు గింజ కన్నా చిన్నది. అది గోధుమరంగుకు తిరిగి, తొడిమ వంగినప్పుడు కోయాలి. ఒక్కొక్క కాయలో నాలుగు వరకు ఆవగింజ పాటి విత్తనాలుంటాయి. ఒక చోట పది కాయలుంటే ఒకటి మాత్రం కోయండి. మిగిలిన తొమ్మిదీ గుట్టవి. తెచ్చిన కాయలను నీడలో ఆరబెట్టి, కాగితపు పొట్లంలో కట్టి, పొట్లం మీద తేదీ, చోటు రాసి పెట్టుకోవాలి.

ఈ కుటుంబపు విత్తనాలకు పైతొక్క గట్టిది. నీటిని లోపలికి రానివ్వదు. అందుచేత విత్తే ముందు రెండు ఉప్పుకాగితాల నడుమ విత్తనాలను తేలికగా నాలుగైదు సార్లు రుద్ది, రాత్రంతా నీటిలో నానబెట్టాలి. మృగశిర, ఆరుద్ర కార్తెలలో, అంటే జూన్ మాసంలో, తొలి వానలు పడినప్పుడు విత్తడం మేలు. చిన్న కుండీలలో గాని, నేరుగా రాతిగుంటలలో గాని విత్తవచ్చు. విత్తనం మందానికి మించి ఇసుక కప్పవద్దు. మొలక ఒకేసారి రాదు. కొన్ని పది రోజులకు, కొన్ని రెండో వానకు, కొన్ని మరుసటి ఏటికి లేస్తాయి. ఇది విత్తన దోషమని అనుకోవద్దు. ఒక్క వానను నమ్మి అన్నీ మొలిచి, తరువాత వాన ముఖం చాటేస్తే ఆ జాతి అంతరించేది. అన్నీ ఒకేసారి పందెం కాయకపోవడం కరవు సీమలో బతకడం నేర్చిన మొక్క తెలివి.

కుండీలో నాలుగైదు ఆకుల మొక్క కాగానే, వేరు చెదరకుండా మట్టిగడ్డతో సహా రాతిగుంటలోకి మార్చాలి. మొక్కకూ మొక్కకూ జానెడున్నర ఎడం చాలు. మన ఊరికి సెప్టెంబరు, అక్టోబరు వానలు ముఖ్యం కనుక ఆగస్టులోగా నాటడం ముగిస్తే, వేళ్లు దిగడానికి మంచి తేమ దొరుకుతుంది. నాటిన మొదటి రెండు వారాలు మూడు రోజులకొకసారి నీరు పోయాలి. తరువాత నెలరోజులు వారానికొకసారి, అదీ వాన లేకుంటేనే. దీపావళి దాటిన తరువాత నీటి డబ్బాను చేతికి అందని చోట పెట్టండి.

ఈ మొక్కను పెంచడంలో కష్టమైన ఘట్టం ఇక్కడే వస్తుంది. మాఘ ఫాల్గుణాలలో కాడలు పలచబడతాయి. చైత్ర వైశాఖాలలో ఆకు రాలి, ఎండిన పీచు వలె కనిపిస్తుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలన్న ఎండలో, ఆ స్థితిలో ఉన్న మొక్కను చూసి రెండు రకాల వారు రెండు విధాలుగా చంపుతారు. దయగలవారు రోజూ నీరు పోసి, నిద్రలో ఉన్న వేరును కుళ్లబెడతారు. శుభ్రత కోరేవారు చచ్చిందనుకొని పెరికి కుప్పలో వేస్తారు. ఈ ఇద్దరి నుంచీ కాపాడగలిగితే, తొలకరి పడిన పది పదిహేను రోజులలో వేరుదుంప మీద పచ్చని మొటిమల వంటి చిగుళ్లు కనిపిస్తాయి. నాటిన మొదటి వేసవిలో మాత్రం, వేరు ఇంకా లోతుకు దిగి ఉండదు కనుక, పదిహేను రోజులకొకసారి సాయంత్రం పూట గుంటకు ఒక చెంబెడు నీరు పోయవచ్చు. రెండో ఏటి నుంచి అదీ అక్కరలేదు. కొన్ని మొక్కలు ఎలాగూ పోతాయి. వాటి విత్తనం అప్పటికే పక్క సందులో పడి ఉంటుంది.

అందుచేత ఉద్యాన విభాగం వారికి నా సూచన ఒకటి. రాతితోట వద్ద కన్నడ, తెలుగు, ఉర్దూ భాషలలో ఒక చిన్న పలక పెట్టించండి. దాని మీద ఇంతే రాయించండి: ఈ మొక్క వేసవి నిద్రలో ఉన్నది, పెరకవద్దు, నీరు పోయవద్దు. తోటమాలి పనిని వేసవి పచ్చదనంతో కొలిచే అలవాటు మనకు ఉన్నది. ఎండిన దిబ్బను పై అధికారి చూస్తే మందలింపు తప్పదని భయపడి అతడు నీరు పోస్తాడు. ఆ పలక మొక్కకు ఎంత రక్షణో, తోటమాలికి అంత రక్షణ.

ఈ చిన్న పువ్వు కోసం ఇంత చెప్పడం ఎందుకని ఎవరికైనా తోచవచ్చు. మరొక లెక్క చెబుతాను. పావు ఎకరం పచ్చిక, అంటే ఇంచుమించు 1000 చదరపు మీటర్లు, వేసవిలో పచ్చగా నిలవాలంటే రోజుకు 5 మిల్లీమీటర్ల నీరైనా కావాలి. అది 5000 లీటర్లు. పట్టణాలలో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది ప్రభుత్వ ప్రమాణం. ఆ లెక్కన ఒక పావు ఎకరం పచ్చిక రోజుకు 37 మంది నీరు తాగుతున్నది. మార్చి నుంచి మే వరకు మూడు నెలలకు అది నాలుగున్నర లక్షల లీటర్లు దాటుతుంది. తుంగభద్ర కాలువ పారని నెలలను నిల్వనీటితో నెట్టుకొని రావలసిన ఊరు మనది. కొళాయి ముందు బిందెల వరుస పెట్టుకొనే కాలంలో పచ్చికకు గొట్టంతో నీరు పట్టడం చూసేవారి మనసు నొప్పించే పని. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు రాతితోట మొదటి వేసవి మొత్తానికి 300 లీటర్ల లోపు నీటితో గడుపుతుంది. తరువాతి వేసవులలో దానికి చుక్క నీరు పోయనవసరం లేదు. పిల్లలు ఆడుకొనే చోట పచ్చిక ఉండనివ్వండి. ఎవరూ కాలు పెట్టని మూలలకు, బోర్డు చుట్టూ, గేటు పక్క వాలులకు దానిని ఎందుకు పరచాలి?

విష్ణుక్రాంత ఒంటరిగా ఉండవలసిన పని లేదు. అదే దిబ్బ మీద వెనుక వైపున ఒకటి రెండు తంగేడు పొదలు, రాతి పక్కన పాకడానికి నల్లేరు, సందులలో కుందేటి కొమ్ములు, వానాకాలపు తెల్లపూలకు తుమ్మి పెట్టవచ్చు. ఇవన్నీ మన ఎండకు అలవాటుపడినవే. తుమ్మి త్వరగా వ్యాపిస్తుంది కనుక దానిని ఒక అంచుకు పరిమితం చేయాలి. తంగేడు నీడ విష్ణుక్రాంత మీద పడకుండా ఉత్తరం వైపున నాటాలి. పల్లేరు కూడా మన మొక్కే, పసుపు పూలు ముచ్చటగానే ఉంటాయి. కాని పిల్లల పాదాలను తలచుకొని దానిని గుట్టకే వదిలేద్దాం.

పాఠశాలల ఉపాధ్యాయులకు కూడా ఒక మాట. ఈ పువ్వు పిల్లలకు మంచి గడియారం. ఎన్ని గంటలకు విచ్చింది, ఎన్ని గంటలకు ముడిచింది, మబ్బు పట్టిన రోజున ఏమి జరిగింది, ఏయే ఈగలు, తేనెటీగలు వచ్చాయి అని ఒక నెల పాటు రాసుకొంటే, వారికి పాఠ్యపుస్తకం చెప్పని సంగతులు తెలుస్తాయి. వానమాని పెట్టుకొని ఎన్ని మిల్లీమీటర్ల వానకు ఎన్ని మొలకలు లేచాయో కూడా లెక్క కట్టవచ్చు. ఈ పనికి ఖర్చు ఒక నోటుపుస్తకం.

చివరగా వినాయక చవితి. పండుగ ముందు రోజున మన బజారులో పత్రి కుప్పలు పోసి అమ్ముతారు. వాటిలో విష్ణుక్రాంత వేళ్లతో సహా పెరికి కట్టలు కట్టి ఉంటుంది. భాద్రపదం దాని పూత కాలం, కాయ ఇంకా పండలేదు. ఆ సమయంలో వేరుతో పెరికిన ప్రతి మొక్కతోనూ ఆ ఏటి విత్తనం కూడా పోతుంది. అమ్మేవారు పేదవారు, వారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. పూజకు కావలసింది పత్రం. వేరు ఏ పూజావిధిలోనూ అడగలేదు. కత్తెరతో కాడ కొసలు కోసిన మొక్క పది రోజులలో మళ్లీ చిగురిస్తుంది. కొనేటప్పుడు వేరు లేని కట్టనే అడిగి తీసుకొంటే, రెండు మూడేళ్లలో అమ్మకం పద్ధతి మారుతుంది. పట్టణంలో ప్రతి ఉద్యానంలో ఒక రాతితోట ఉంటే, చవితి ముందు రోజున తోటమాలి స్వయంగా కత్తిరించి వాడలోని ఇళ్లకు రెండేసి కాడలు ఇవ్వగలడు.

మన చుట్టూ ఉన్న గుట్టలు ఏటేటా తరుగుతున్నాయి. కొన్ని కంకరగా పోతున్నాయి, కొన్నింటి పాదాల మీద ఇళ్లు లేస్తున్నాయి, కొన్నింటి మీద చెత్త పోస్తున్నాము. ఒక రాతితోట గుట్టకు బదులు కాలేదు. అయినా గుట్ట మీది మొక్కను పేరు పెట్టి పిలవగలిగిన పౌరుడు, ఆ గుట్టను తొలిచేటప్పుడు ఏమి పోతున్నదో చెప్పగలుగుతాడు. పేరు తెలియనివాడికి అది ఖాళీ రాయి.

పురపాలక సభ్యులను నేను కోరేది మూడు పనులు. ప్రతి ఉద్యానంలో పది అడుగుల చదరం రాతితోటకు కేటాయించండి. ఈ జూన్‌లో విత్తే విధంగా ఇప్పటి నుంచే దిబ్బలు కట్టించండి. వేసవిలో ఎండిన దిబ్బను చూసి తోటమాలిని మందలించబోమని వారికి వ్రాతపూర్వకంగా చెప్పండి. పౌరులను కోరేది ఒకటే. ఈ కార్తికంలో గుట్ట ఎక్కినప్పుడు పదింట ఒక కాయ కోసి, పొట్లం కట్టి, మీ వార్డు తోటమాలి చేతికి ఇవ్వండి.